రోహిణి దాటాక కుండీ మార్చండి

(జూన్‌లో ఒక ఆదివారం హైదరాబాద్‌లో బోన్సాయ్ మిత్రులు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. చెట్లు తెచ్చుకున్నవాళ్ళు వాటిని వరండాలో నీడన పెట్టి రండి, ఇక్కడ ఫ్యాను కింద వద్దు. మాటలయ్యాక అందరం కలిసి కుండీలు మారుద్దాం.

నన్ను మూడు విషయాలు చెప్పమన్నారు. చెట్టును ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, ఎలా మలచాలి, కుండీ ఎలా మార్చాలి. మూడూ చెప్తాను. కానీ ఈ మూడింటి వెనకా ఇంకో ప్రశ్న ఉంది. ఎప్పుడు? ఎలా అని వందసార్లు అడుగుతాం, ఎప్పుడు అని ఒక్కసారీ అడగం. మన ఊళ్ళో మేడల మీద పోతున్న బోన్సాయ్‌లు చాలావరకు కోత తప్పయి పోవడం లేదండీ. కోత బాగానే ఉంటుంది. నెల తప్పు.

పుస్తకం తెరవండి, ఏముంటుంది? వసంతం మొదట్లో, మొగ్గలు ఉబ్బుతున్నప్పుడు కుండీ మార్చమని ఉంటుంది. ఎవరి వసంతం అది? టోక్యో పక్కన సైతామాలో ఒమియా అని ఒక బోన్సాయ్ పల్లె ఉంది. 1923 భూకంపంలో టోక్యో దెబ్బతిన్నాక అక్కడి పెంపకందారులు మంచి నీళ్ళు, మంచి మన్ను వెతుక్కుంటూ వెళ్ళి 1925లో ఆ పల్లె కట్టుకున్నారు. అక్కడ చలికాలం రాత్రి సున్నా కిందికి పోతుంది. పైన్ చెట్టు పూర్తిగా నిద్రపోతుంది. వసంతంలో లేస్తుంది. లేచిన చెట్టుకు ముందున్నది చల్లటి గాలి, ఆ తర్వాత జూన్‌లో వానలు. కోసిన వేరు తీరిగ్గా కోలుకుంటుంది. ఆ పుస్తకాలు ఆ వాతావరణానికి రాసినవి, అక్కడ అది నూటికి నూరుపాళ్ళూ సరైన మాట.

మరి మనకు? ఫిబ్రవరి చివర్లో మర్రి వేర్లు కోశారనుకోండి. దాని ముందు ఏముంది? ఏప్రిల్, మే. 42, 43 డిగ్రీల ఎండ, పొడి గాలి, రాత్రి పదింటికి కూడా వేడి కక్కే స్లాబు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అన్నారా? రోళ్ళు పగిలే ఎండలో, సగం వేర్లు పోయిన చెట్టు రెండు అంగుళాల లోతు ట్రేలో నిలబడి ఆకులన్నిటికీ నీళ్ళు పంపాలి. ఎక్కడినుంచి పంపుతుంది?

మన రైతు దగ్గర 27 కార్తెల లెక్క ఉంది. ఒక్కో కార్తె 13, 14 రోజులు. విత్తనం ఎప్పుడు వెయ్యాలి, నారు ఎప్పుడు పొయ్యాలి అన్నీ ఆ లెక్కలోనే. నేను కొన్నేళ్ళుగా నా చెట్లన్నిటికీ ఆ లెక్కే వాడుతున్నాను. మొన్న 8వ తేదీన మృగశిర వచ్చింది కదా, నాంపల్లిలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరే రోజు. అదే మన మర్రి, రావి, జువ్వి, మేడి, ఇంకా నర్సరీలో ఫైకస్ పేరుతో అమ్మేవన్నిటికీ కుండీ మార్చే కాలం మొదలు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, అంటే జూన్ 8 నుంచి జూలై మూడో వారం దాకా. ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతుందంటారు. కోసిన వేరుకూ అంతే. గాలిలో తేమ పెరుగుతుంది, ఆకునుంచి నీళ్ళు తక్కువ పోతాయి, మన్ను వెచ్చగా ఉంటుంది. వేరు రావడానికి ఇంకేం కావాలి?

మీరు తల అడ్డంగా ఊపుతున్నారు మేడమ్... దానిమ్మ సంగతేమిటంటున్నారా? మంచి ప్రశ్న. దానిమ్మ లాంటివి వేరే. చలికి ఆకు రాల్చి చిగురు వేసే చెట్లకు శివరాత్రి ముందు మార్చుకోవచ్చు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ చలి పోకముందే పని ముగించాలి. ఎండ ముదిరేలోపల వాటికి కొత్త వేరు వచ్చేస్తుంది. ఇక దసరా దాటాక ఫైకస్ జాతుల, అంటే మర్రి, రావి, జువ్వి, మేడి లాంటివాటి వేర్లు ముట్టుకోకండి. స్వాతి కార్తె వచ్చేసరికి వాటి ఎదుగుదల మందగిస్తుంది. కోస్తే చావకపోవచ్చు, కానీ నాలుగు నెలలు అలా నిలబడిపోతుంది. చెట్టును నాలుగు నెలలు ఊరికే నిలబెట్టడం ఎందుకు?

ఇప్పుడు చెట్టు ఎక్కడినుంచి తేవాలి. జపాన్‌లో కొండల్లోంచి తవ్వి తెచ్చినదాన్ని యమదోరి అంటారు, దానికి మర్యాద ఎక్కువ. గాలికీ రాయికీ తట్టుకుని కుదించుకుపోయిన మాను అది. అది విని మనవాళ్ళు వికారాబాద్ వైపు అడవుల్లోకి పలుగు పట్టుకుని వెళ్తామంటున్నారు. వద్దు. దయచేసి వద్దు. అటవీ భూమిలోంచి మొక్క తవ్వడం చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, బండ సందులో అరవై ఏళ్ళు బతికిన చెట్టును మన మేడ మీద అరవై రోజుల్లో చంపే హక్కు మనకు లేదు.

మనకు వేరే గని ఉంది. గోడలు. పాత ఇళ్ళ కాంపౌండు గోడలు, బావి గట్లు, సన్‌షేడ్ పైభాగం, డ్రైనేజీ పైపు పక్క సందు. కాకులు, కోయిలలు, గబ్బిలాలు మర్రి పండూ రావి పండూ తిని రెట్ట వేస్తాయి. ఈ విత్తనానికి మన్ను అక్కర్లేదు, ఇంత పగులూ ఇంత తడీ చాలు. ఆ పగులులో వేరు పారడానికి చోటుండదు, అందుకని మొదలు దగ్గరే లావెక్కుతుంది. తిండి తక్కువ కాబట్టి కొమ్మ పొడవుగా సాగదు, కణుపులు దగ్గర దగ్గరగా వస్తాయి. మనం కుండీలో పదేళ్ళు కష్టపడి తెచ్చే మొదలు అక్కడ తయారుగా ఉంటుంది. పైగా ఆ ఇంటివాళ్ళకు అది పీడ, ఏటా నరికిస్తూ ఉంటారు. మొదలు దగ్గర నరికించుకుని మళ్ళీ మళ్ళీ చిగురించిన చెట్టు ఇంకా మంచిది, మాను కిందినుంచి పైకి సన్నబడుతూ పోతుంది. ఇల్లు కూలుస్తున్నారని తెలిస్తే వెళ్ళి యజమానిని అడగండి. అడిగి తీసుకోండి, గేటు దూకి కాదు. చాలామంది సంతోషంగా ఇస్తారు. ఒక్క హెచ్చరిక. గోల్కొండ గోడ మీదో, కుతుబ్‌షాహీ సమాధుల మీదో మొలిచిన రావిని మాత్రం ముట్టుకోవద్దు. లాగితే దాంతోపాటు రాయి కదులుతుంది. అది సంరక్షణ తెలిసినవాళ్ళ పని.

తియ్యడం ఎలా? లాగకండి. లాగితే బెరడు ఊడి వస్తుంది. సుత్తీ ఉలీ పట్టుకుని చుట్టూ గార మెల్లగా కొట్టి, వేరును ఎంత లోపల వీలైతే అంత లోపల కోయండి. సన్న వేర్లు ఒక్క గుప్పెడు దొరికినా అదృష్టమే, దొరక్కపోయినా ఫైకస్ బతుకుతుంది, ఒట్టి మొండెం నుంచి కూడా వేరు వేస్తుంది. కొమ్మలు దగ్గరికి కోసేయండి, ఆకులు తీసేయండి. పాలు కారుతుంది, కంట్లో పడకుండా చూసుకోండి, కొందరికి చర్మం మండుతుంది కూడా. తడి గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, గరుకు ఇసుకలోనో జల్లించిన మొరంలోనో కదలకుండా గట్టిగా పాతండి. బోన్సాయ్ కుండీలో కాదు. పెద్ద తొట్టిలో, లేదా చిల్లుల బుట్టలో. పైన ప్లాస్టిక్ కవరు కప్పి నీడన పెట్టండి.

ఇక్కడ అందరం జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. మూడు వారాలకు చిగురు వస్తుంది. ఎర్రగా, నిగనిగలాడుతూ. చూసి ప్రాణం లేచొస్తుంది. అప్పుడు ఏం చేస్తాం? కవరు తీసేస్తాం, ఎండలో పెడతాం, ఎరువు కూడా వేస్తాం. ఆ చిగురు ఎవరిచ్చింది? వేరు కాదు. మానులో దాచుకున్న పిండి పదార్థం ఇచ్చింది. కింద ఇంకా ఒక్క వేరు కూడా పుట్టి ఉండకపోవచ్చు. దాచుకున్నది అయిపోగానే చిగురు వాడిపోతుంది, దాంతో చెట్టూ పోతుంది. మొదటి విడత ఆకు ముదిరి, రెండో విడత చిగురు జోరుగా వచ్చేదాకా కవరు తియ్యొద్దు. తీసేటప్పుడు కూడా రోజూ కాసేపు, కాసేపు. తొందరపడొద్దు.

బోగన్‌విల్లియా, మన కాగితం పూల చెట్టు, పాత బంగళాల గేట్ల దగ్గర తొడంత మొద్దులు దొరుకుతాయి. అవీ మొండెం నుంచే వేరు వేస్తాయి. కానీ దాని సన్న వేర్లు పెళుసు, మన్ను దులపకండి. పెద్ద కోతలు పూడవు, లోపల కుళ్ళుతుంది, కుళ్ళిన చోట చెక్కి బోలుగా చేసుకుంటే అదే అందం అవుతుంది. చింతను మాత్రం గోడలోంచో గట్టులోంచో పెకలించాలని చూడొద్దు. తల్లివేరు లోతుకు పోయి ఉంటుంది. చింత గింజ నాటుకోండి, లేదా కడియం నుంచి వచ్చే నర్సరీ మొక్కల్లో మొదలు లావున్నది ఏరుకోండి. బోన్సాయ్ కోసమే పుట్టిందా అనిపించే చెట్టు చింత. చిట్టి ఆకు, గరుకు బెరడు, మన ఎండ దానికి లెక్కే కాదు.

మలచడం. కొమ్మను వంచడానికి లోహపు తీగ చుట్టే ముందు ఒక పని చెయ్యండి. చేవెళ్ళ రోడ్డు మీద వెళ్ళండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఆ 46 కిలోమీటర్లలో వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేస్తారన్నప్పుడు ఈ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు, మనలో కూడా కొందరు వెళ్ళారు. ఆ చెట్ల కింద నిలబడి చూడండి. మర్రి కొమ్మ పైన్ కొమ్మలా కిందికి వాలుతుందా? వాలదు. పక్కకు సాగి, చివర పైకి లేస్తుంది. తల త్రికోణంలా ఉంటుందా? ఉండదు, వెడల్పుగా పరుచుకుంటుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి వెళ్ళండి, దాదాపు 700 ఏళ్ళదంటారు, ఊడలే మానులై తల్లి మాను ఏదో తెలియదు. మరి మనం మర్రిని తెచ్చి, కొమ్మలన్నీ కిందికి కట్టి, జపాన్ పైన్ వేషం ఎందుకు వేస్తున్నాం? నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మర్రి మర్రిలా ఉండాలి. చింత మన పొలం గట్టు చింతలా గుండ్రంగా, దట్టంగా ఉండాలి.

పని వరసగా చెప్తాను. చెట్టును కంటి ఎత్తులో పెట్టుకుని కూర్చోండి. మొదట మన్ను పైపొర తీసి వేర్లు మాను నుంచి ఎలా విడిపోతున్నాయో చూడండి. నాలుగు వైపులా పాకినట్టు ఎటునుంచి బాగా కనిపిస్తే అది చెట్టు ముఖం, చూసేవాళ్ళ వైపు ఉండాల్సిన పక్క. తర్వాత మాను. మొక్కై వంగనిది మానై వంగదు, నిజమే, అందుకని లావు మానును మనం వంచం, కోస్తాం. కోసిన చోట కింద ఉన్న ఒక రెమ్మను కొత్త తలగా పెరగనిస్తాం. అది కోతలో సగం లావయ్యాక మళ్ళీ కోస్తాం. ఒక్కో కోతకు ఒక మలుపు, ఒక సన్నదనం. మన వానకాలంలో ఫైకస్ ఎంత జోరుగా పెరుగుతుందో మీకు తెలుసు, జపాన్‌వాళ్ళకు పైన్‌తో చాలా ఏళ్ళు పట్టేది ఇక్కడ మనకు త్వరగా చేతికొస్తుంది.

అల్యూమినియం తీగ, కొమ్మ లావులో మూడో వంతు ఉండాలి. 45 డిగ్రీల వాలులో చుట్టండి. చుట్టి వదిలెయ్యకండి. వానకాలంలో వారానికోసారి చూడాలి, ఫైకస్ కొమ్మ ఉబ్బి తీగను మింగేస్తుంది, ఆ మచ్చ ఏళ్ళపాటు పోదు. విప్పేటప్పుడు తీగను ముక్కలుగా కత్తిరించి తియ్యండి, తిప్పి తియ్యబోతే కొమ్మ విరుగుతుంది.

ఊడలు రావట్లేదని అడిగారు పొద్దున ఎవరో... మీరేనా తమ్ముడూ? మన గాలి పొడి. ఊడకు తేమ కావాలి. ఈ కార్తెల్లోనే, కొమ్మ కింద మొలిచిన చిన్న ఊడ కొనను స్ట్రాలో దూర్చి, స్ట్రా లోపల తడి నాచు పెట్టి, కింది కొన మన్నులోకి దించండి. ఊడ మన్ను పట్టుకున్నాక స్ట్రా చీల్చి తీసెయ్యండి. తర్వాత అది తనే లావవుతుంది.

ఆకులన్నీ దులిపి చిన్న ఆకు తెప్పించే పని ఉంది, దాని గురించి ఒక్కటే చెప్తాను. బలంగా ఉన్న చెట్టుకే. కుండీ మార్చిన ఏడాది వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కుండీ, మన్ను. ఇదిగో, ఇది గిన్నెలు తోమే స్పాంజి. నీళ్ళలో ముంచాను. ఇలా పడుకోబెట్టి పట్టుకుంటున్నాను, కారుతోంది... కారుతోంది... ఆగింది. ఇంక చుక్క పడట్లేదు కదా? ఇప్పుడు దీన్నే నిలువుగా నిలబెడుతున్నాను. చూశారా? మళ్ళీ కారింది! పిండలేదు, నొక్కలేదు. ఎందుకు కారింది? నిలబెట్టగానే స్పాంజి ఎత్తు పెరిగింది, అది పట్టి ఉంచగల తడి పొర ఎత్తు మాత్రం పెరగలేదు. కుండీలోనూ అంతే. ఏ కుండీలోనైనా అడుగున ఒక తడి పొర నిలిచిపోతుంది. ఆ పొర ఎంత ఎత్తు అనేది మన్ను గింజ సైజును బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి కాదు. సన్న మన్నులో అది 2 అంగుళాలు అనుకోండి. అడుగు లోతు తొట్టిలో పైన ఇంకా 10 అంగుళాలు వేర్లకు గాలి ఆడుతుంది. 2 అంగుళాల ట్రేలో? మొత్తం బురదే. తొట్టిలో హాయిగా పెరిగిన చెట్టు, అదే ఎర్రమన్నుతో ట్రేలోకి మార్చగానే వేరు కుళ్ళి ఎందుకు పోతుందో ఇప్పుడు అర్థమైంది కదా? కుండీ లోతు తగ్గినకొద్దీ గింజ పెద్దది కావాలి. అడుగున కంకర పరిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు. తడి పొర ఆ కంకర మీదికి జరుగుతుంది, వేర్లకు చోటు ఇంకా తగ్గుతుంది.

జపాన్‌వాళ్ళు అకడామా వాడతారు, కాంటో ప్రాంతపు గుండ్రటి మట్టి గింజలు. దిగుమతి చేసుకుంటే ఒక సంచి ధరకు మనకు ఏడాది మన్ను వస్తుంది. మనకు ఇటుక ఉంది. బాగా కాలిన ఇటుకను కొట్టి, జల్లించి, 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు ఉంచుకోండి, దుమ్మంతా పారబోయండి. ఇటుక తనలో నీళ్ళు దాచుకుంటుంది, ముక్కల మధ్య గాలినీ పోనిస్తుంది. రాత్రంతా నానబెడితే మెత్తబడే ఇటుక పనికిరాదు. కూల్చిన ఇంటి ఇటుక కూడా వద్దు, దానికి సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి. నా కొలత చెప్తాను. ఇటుక రెండు పాళ్ళు, జల్లించి కడిగిన మొరం ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు. దానిమ్మకు కంపోస్టు కాస్త పెంచుతాను, దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే జేడ్ మొక్కకు తగ్గిస్తాను.

నీళ్ళ మాట కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. బోరు నీళ్ళు పోసేవాళ్ళ కుండీ అంచు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ ఉప్పే మన్నులో కూడా పేరుకుంటుంది, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపుపచ్చబడుతుంది, ఇనుము అందడం లేదని అర్థం. ఈ మూడు నెలలూ మేడ మీద డ్రమ్ములు పెట్టి వాన నీళ్ళు పట్టండి. కుండీ మీది పెచ్చుకు వెనిగర్, పాత టూత్‌బ్రష్ చాలు.

వేర్లు కొయ్యడమంటే కొందరికి చెయ్యి వణుకుతుంది. వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక వైట్ పైన్ ఉంది, 1625 నుంచి కుండీలో ఉంది. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆ చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, యమాకి కుటుంబం పెరట్లో, గోడ చాటున బతికింది. 1976లో ఆ కుటుంబం దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది. బాంబు నుంచి బయటపడిన సంగతి 2001లో ఆ ఇంటి మనవలు వచ్చి చెప్పేదాకా అక్కడివాళ్ళకు సరిగా తెలియనే తెలియదు. దాదాపు 400 ఏళ్ళు ఒక చెట్టు కుండీలో ఎలా బతికింది? కొన్నేళ్ళకోసారి ఎవరో ఒకరు దాని వేర్లు కోస్తూ వచ్చారు కాబట్టి. వేర్లు కొయ్యకపోతే కుండీ నిండి, సుడులు తిరిగి, నీళ్ళు దిగక చచ్చిపోతుంది. కోస్తే కొత్త వేరు వస్తుంది, కొత్త వేరే నీళ్ళు తాగుతుంది.

ఎప్పుడు కొయ్యాలో చెట్టే చెప్తుంది. పోసిన నీళ్ళు పైనే నిలుస్తున్నాయా? చెట్టు కుండీలోంచి పైకి లేచినట్టుందా? కింది చిల్లులోంచి వేర్లు వచ్చాయా? ఎదిగే ఫైకస్‌కు రెండేళ్ళకోసారి, ముదిరినదానికి మూడు నాలుగేళ్ళకు. ఇవేవీ కనిపించకపోతే ముట్టుకోకండి, ఈ ఆదివారం వచ్చాం కదా అని మార్చొద్దు.

ఈ జువ్విని తీస్తున్నాను, దగ్గరికి రండి. నిన్న పొద్దున్నుంచి నీళ్ళు పొయ్యలేదు. అంచు చుట్టూ కొడవలి తిప్పాను, వచ్చేసింది. కొక్కెంతో బయటినుంచి లోపలికి కాదు, మాను దగ్గర్నుంచి బయటికి దువ్వాలి, జుట్టు చిక్కు తీసినట్టు. కిందికి దిగే లావు వేరు కోసేస్తున్నాను. పక్కలకు పాకినవి ఉంచుతున్నాను. మూడో వంతు పోయింది. ఈలోపల నీళ్ళు చల్లుతూనే ఉండాలి, తమ్ముడూ ఆ స్ప్రే ఇటివ్వు. చిల్లులకు జాలీ పెట్టాను, తీగతో చెట్టును కుండీకి కట్టేస్తున్నాను. ఇది అందరూ మానేసే పని. కట్టకపోతే గాలికి చెట్టు ఊగుతుంది, ఊగినప్పుడల్లా పుడుతున్న సన్న వేరు తెగుతుంది. ఇప్పుడు మన్ను పోసి, చాప్‌స్టిక్‌తో పొడుస్తూ వేర్ల మధ్యకు దింపాలి, చేత్తో అదమకూడదు. కింది చిల్లులోంచి తేటనీళ్ళు వచ్చేదాకా పొయ్యండి. మూడు వారాలు నీడ, నెలరోజులు ఎరువు లేదు. జేడ్‌కు మాత్రం నాలుగు రోజులు నీళ్ళే పొయ్యొద్దు, కోసిన చోట్లు ఆరాలి.

చివరి ప్రశ్న, పెద్దాయన అడిగారు, మే నెలలో ఊరెళ్తే ఎలా అని. కుండీలను నేల మీద, స్లాబు మీద పెట్టకండి, బెంచీ ఎక్కించండి. పడమటి పిట్టగోడ మీద అసలే వద్దు. ఏప్రిల్ నుంచి 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. ఊరెళ్ళేటప్పుడు వెడల్పు టబ్బులో ఇసుక పోసి, బాగా తడిపి, కుండీలను అంచు దాకా అందులో పూడ్చండి. నాలుగైదు రోజులు గడుస్తాయి. వారం దాటితే మాత్రం పక్కనున్న మన మిత్రుల ఇంటికి చేర్చి వెళ్ళండి, ఇంతమందిమి ఉన్నది ఎందుకు?

సరే, లేద్దాం. జల్లెడ దగ్గరికి ఒక నలుగురు రండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఇటుక దుమ్ము మంచిది కాదు. కోసిన మేడి, జువ్వి కొమ్మల్లో బొటనవేలి లావున్నవి పారెయ్యకండి. తడి గోనెలో పెట్టండి, ఈ కార్తెలో ఎక్కడ గుచ్చినా వేరు వేస్తాయి. మొదటిసారి వచ్చినవాళ్ళు ముందు తీసుకోండి.